ఎండలో నిలిచే రంగు

కొమురమ్మ చేతిసంచిలోంచి ఒక ఫోటో తీసి, కొంగుతో తుడిచి, రూప ముందున్న బల్ల మీద పెట్టింది. నాలుగో తరగతి పిల్లలంతా మూడు వరసల్లో నిలబడి కెమెరా వైపు చూస్తున్నారు. వెనక వరసలో, అంచున ఉన్న ఒక్క పిల్ల మాత్రం గోడ వైపు చూస్తోంది. ఎవరో పిలిస్తే అటు తిరిగినట్టు లేదు. ఎవరో గడ్డం పట్టుకుని తిప్పి, అట్లాగే ఉండమని చెప్పినట్టుంది.

"టీచరమ్మ గట్ల నిలబెట్టిందట బిడ్డా," అంది కొమురమ్మ. "ఈ ఫోటో ఇంటికొచ్చిన కాడికెల్లి ఇది బడి మొకం చూస్తలేదు. నా కొడుకేమో పోకుంటె పోనీ, ఇంట్ల పాలు కొలుస్తదిలే అంటున్నడు."

ఆ పిల్ల గీతాంజలి, కొమురమ్మ మనవరాలు, పక్క కుర్చీలోనే ఉంది. కుడి చెంప మీదికి జుట్టు దించుకుని, ఎదుటివాళ్లకు ఎడమ చెంప మాత్రమే కనిపించేలా ఒదిగి కూర్చుంది. రూప ఆమెను ఇటు తిరగమనలేదు. తన స్టూలునే ఈడ్చుకుని ఆ ఎడమ పక్కకు వెళ్లింది. ఇరవై ఏళ్లకు దగ్గర పడుతున్న ఈ పనిలో రూప నేర్చుకున్న మొదటి మర్యాద అదే. కన్ను పోయినవాళ్లు ఏ పక్క చూపిస్తే ఆ పక్కనే కూర్చోవాలి. రెండో పక్క వాళ్లే చూపిస్తారు.

అఫ్జల్‌గంజ్‌లో ఒక మందుల దుకాణం మీద ఉన్నాయి ఆ రెండు గదులు. ముందు గదిలో కృపాకర్ అచ్చులు తీస్తాడు, లోపలి గదిలో రూప రంగులు వేస్తుంది. దెబ్బ తగిలో, జబ్బు చేసో కన్ను తీసేయాల్సి వచ్చిన వాళ్లకు ఇక్కడ ప్లాస్టిక్ కన్ను తయారవుతుంది. దాంతో చూపు రాదు. కానీ చూసేవాళ్ల చూపు మారుతుంది. మెట్లెక్కి వచ్చే వాళ్లందరూ అడిగేది అదే.

కొమురమ్మ కొడుకు బాలనర్సింహకు లాల్‌దర్వాజాలో పాల వ్యాపారం. రెండేళ్ల కిందట కొట్టంలో బర్రె తల విసిరితే కొమ్ము తగిలి అతని కూతురి కుడికన్ను పోయింది. తర్వాత ఏదో ఉచిత శిబిరంలో రెడీమేడ్ కన్ను పెట్టారు. వాళ్ల దగ్గరున్న డబ్బాలో అన్నీ నల్లటి కళ్లే. ఈ ఊళ్లో నూటికి తొంభై మందికి ఆ రంగే సరిపోతుంది మరి. గీతాంజలివి మాత్రం పిల్లికళ్లు. ఒక కన్ను తేనె రంగులో, ఇంకో కన్ను బొగ్గు రంగులో ఉండేసరికి, బడిలో పక్క బెంచీ బబ్లూ ఆమెకు 'గోలీ' అని పేరు పెట్టాడు. ఆ పేరు తరగతంతా పాకింది.

ఇవన్నీ కొమురమ్మ చెబుతుంటే రూప వింటూనే పిల్ల ఎడమకంటిని చూస్తోంది. పాత కన్ను నొప్పి పెడుతోందా అని అడిగింది. గీతాంజలి తల అడ్డంగా ఊపింది. తీసి చూడనా అంటే కాసేపు ఆలోచించి, జుట్టు వెనక్కి తోసుకుని, ముఖం ఇటు తిప్పింది.

కృపాకర్ వచ్చి అచ్చు తీశాడు. చల్లటి ముద్ద కంటి గుంతలో పెడుతూ, కుల్ఫీ తిన్నట్టే ఉంటుంది, కాకపోతే నోటితో కాదు కంటితో తింటున్నావు అన్నాడు. గీతాంజలి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది గాని నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వితే అచ్చు చెడిపోతుందని కొమురమ్మ కసిరింది. కృపాకర్ ఇంకో అచ్చు తీద్దాంలే పెద్దమ్మా, నవ్వనీ అన్నాడు.

మర్నాడు రూప పని మొదలైంది. చొక్కా గుండీ అంత బిళ్ల మీద, నాలుగైదు వెంట్రుకలే మిగిలిన కుంచెతో వేయాలి. తెల్లగుడ్డు తెల్లగా ఉండదని చాలామందికి తట్టదు. చిన్నపిల్లలకు అందులో లేత నీలం ఉంటుంది, మూలల్లో గులాబి ఉంటుంది. పత్తర్‌గట్టిలో జరీ దుకాణం నుంచి తెచ్చిన ఎర్ర పట్టుదారాన్ని పోగులు పోగులుగా విప్పి, కంటికి ఆనీ ఆననంత సన్నటి పోగును రక్తనాళంలా పరిచి అతికించాలి. చివరగా పైన అద్దంలాంటి పొర పోసి, అచ్చులో బిగించి, ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించాలి. కూర వండుకునే కుక్కరే. కృపాకర్ భార్య ఇంట్లో కొత్తది కొనుక్కుని పాతది ఇటు పంపింది.

పిల్ల ఎదురుగా కూర్చోవాలి కాబట్టి, విసుగు రాకుండా రూప ఆమెకు కాగితాలు, పెన్సిలు ఇచ్చింది. గీతాంజలి బర్రెలను గీసింది. కొట్టంలోవన్నీ వరసగా గీసింది. అన్నీ ఒకే పక్కకు తిరిగి ఉన్నాయి. పాలు పితుకుతున్న నాన్న, ఎండుగడ్డి మోస్తున్న నాయనమ్మ కూడా పక్కకే తిరిగి ఉన్నారు. గిట్ట దగ్గర చీలిక, పాలచెంబు అంచు మీద సొట్ట, అన్నీ పడ్డాయి. ఈ పిల్లకు చూపుంది అనుకుంది రూప. ఒక్క కంటితోనే రెండు కళ్లవాళ్లకు కనబడనివి చూస్తోంది.

సాయంత్రానికి కన్ను తయారైంది. పెట్టి చూస్తే ట్యూబులైటు కింద రెండు కళ్లూ ఒకటిగానే ఉన్నాయి. కొమురమ్మ రూప తల చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచింది. నీ చెయ్యి సల్లగుండ బిడ్డా అంటూ మెట్లు దిగింది. రూప కుంచెలు కడుక్కుంటుండగానే మళ్లీ మెట్ల మీద చప్పుడైంది. కొమురమ్మ ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడి ఉంది. పిల్ల వెనకాల ఉంది. మళ్లీ జుట్టు చెంప మీదికి వచ్చేసింది.

"ఎండల వేరే తీర్గ కొడుతున్నది బిడ్డా. ఆటోకాడ నిలబడ్డం, ఇది బండి అద్దంల చూసుకున్నది. అంతే, మొకం దించుకున్నది."

రూప వాళ్లను డాబా మీదికి తీసుకెళ్లింది. మూసీ వైపు నుంచి గాలి వీస్తోంది. పడమటి ఎండ ఇంకా గట్టిగానే ఉంది. ఆ ఎండలో ఎడమ కన్ను లోతుగా, తేమగా మెరుస్తుంటే, కుడికన్ను సోడాబుడ్డి గోలీలా లోతు లేకుండా, పచ్చగా ఉంది. కొమురమ్మ చెప్పింది నిజమే. రూప దాన్ని తీసి, తడి దూదిలో చుట్టి, జేబులో వేసుకుంది. రేపు మళ్లీ చేద్దాం, ఫికర్ పడకు అని గీతాంజలితో అంది. ఆ పిల్ల జుట్టు మళ్లీ చెంప మీదికి లాక్కుంది.

మరుసటి రోజు రూప బల్లను కిటికీ దగ్గరికి జరుపుకుని, ఎండ పడే చోట రెండో కన్ను వేసింది. ఈసారి ఎండలో కాస్త నయం. కానీ నీడలోకి రాగానే నడిమి నల్లగుడ్డు చుక్క పెట్టినంత చిన్నదిగా ఉండి, పిల్ల ఏదో చూసి ఉలిక్కిపడ్డట్టు కనిపించింది. ఆ మర్నాడు వేసిన మూడోది ఇంకో రకంగా చెడింది. అందులో జీవం లేదు. ఎక్కడ తప్పు జరిగిందో చూపించమంటే రూప చూపించలేకపోయేది. రంగు దగ్గరగానే ఉంది, కానీ అది కన్నులా లేదు.

కృపాకర్ బాగానే ఓపిక పట్టాడు. ముందు గదిలో నల్గొండ నుంచి, మెదక్ నుంచి వచ్చిన వాళ్లు బెంచీల మీద కూర్చుని ఉన్నారు. అందరికీ రూపే రంగు వేయాలి. మూడో కన్ను చూశాక అతను తలుపు దగ్గరగా వేసి, మెల్లగా చెప్పాడు. పిల్లికళ్లు ఎవరికీ అచ్చంగా కుదరవు. కాస్త గోధుమరంగు కలిపి మధ్యరకంగా చేసి ఇచ్చేద్దాం. పైగా ఎదిగే పిల్ల, గుంత పెరుగుతుంది, ఏడాదికో రెండేళ్లకో ఎట్లాగూ మార్చాల్సిందే. ఇంతగా పట్టుకుని కూర్చోవడం దేనికి?

"ఏడాదికి మారుస్తం అన్నా, నిజమే," అంది రూప. "గా ఏడాదే ఆ పిల్లకు నాలుగో తరగతి. అది మళ్ల రాదు గదా."

 కృపాకర్ తన చేతిలోని ఖాళీ అచ్చును అటూ ఇటూ తిప్పి, ఇంకొక్కసారి అయితే సరే అని బయటికి వెళ్లాడు. అతను కోపంగా లేడని, బయట కూర్చున్న వాళ్ల గురించి ఆలోచిస్తున్నాడని రూపకు తెలుసు. ఆ ఒక్కసారి చాలు అనుకుంది. చాలుతుందని ఎందుకు అనిపించిందో మాత్రం తెలియలేదు.

ఆ సాయంత్రం ఇంటికి పోతున్న రూప, నయాపుల్ దాటాక ఆటో కదలకపోతే దిగి నడిచింది. గాజుల దుకాణాల్లో దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. ఒక చీరల దుకాణం ముందు పెళ్లికూతురి తల్లి పట్టుచీరను గుమ్మం బయటికి తెచ్చి, చివరి వెలుతురుకు పట్టి తిప్పి చూస్తోంది. బాహర్ కీ రోష్నీ మే దేఖో అమ్మా, రంగ్ వహీ హై, బయట చూసినా అదే రంగు అంటున్నాడు దుకాణదారు. ఆమె నమ్మలేదు. ఇంకా ముందుకొచ్చి రోడ్డు మధ్యలో నిలబడి చూసింది. స్కూటర్లు హారన్లు కొడుతూ ఆమె చుట్టూ తిరిగి పోయాయి. రూపకు ముచ్చటేసింది.

చార్మినార్, శాలిబండ దాటి లాల్‌దర్వాజా సందులోకి తిరిగాక తను చదువుకున్న బడి గోడ వస్తుంది. గీతాంజలి మానేసిన బడి కూడా అదే. రూప రోజూ ఈ దారినే పోతుంది గాని ఈ రోజు నడక దానంతటదే నెమ్మదించింది. మూల గది కిటికీకి చెక్కలు కొట్టి ఉన్నాయి. ఒకప్పుడది డ్రాయింగు గది. సోమయ్య సారు అందులో నేల మీద చాపలు వేసి అందర్నీ కూర్చోబెట్టేవాడు. రంగుల పెట్టెల్లోంచి నల్లరంగు ఏరి తన బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. నలుపు కావాలంటే నీలం, మట్టిరంగు కలిపి మీరే చేసుకోండి అనేవాడు. పిల్లలు ఏడ్చేవాళ్లు. ఒకసారి ఆరో తరగతిలో రూప జామపండు వేస్తుంటే, సారు వెనక నుంచి వచ్చి కాగితాన్ని తన పెద్ద అరచేత్తో మూసేశాడు.

"ఇప్పుడు చెప్పు బిడ్డా. నీ ముందల ఏమున్నది?"

జామపండు సార్ అంది రూప.

"జామపండు గాదు. జామపండు అనేది మాట. నువ్వు మాటను గీస్తున్నవ్. మాటను మర్శిపోయి చూడు."

ఆ రోజు గంట కొట్టేదాకా రూప ఆ పండును చూస్తూనే కూర్చుంది. కాగితం మీద ఒక్క గీత పడలేదు. సారు ఆమెకు పదికి పది వేశాడు.

రూప కిటికీ ముందు ఆగిపోయింది. మూడు రోజులుగా తనేం వేస్తోంది? కొమురమ్మ వచ్చిన మొదటి రోజే 'పిల్లికళ్లు' అంది. ఆ మాట వినగానే తన చెయ్యి పసుపు వైపు వెళ్లింది. మూడుసార్లూ ముందు పసుపే కలిపింది, తర్వాతే పిల్ల వైపు చూసింది. చూసి దిద్దుకుంది గాని, చూసి మొదలుపెట్టలేదు. ఇన్నేళ్లుగా వందల కళ్లు వేసి, ఇప్పుడు కన్ను అనే మాటను వేస్తోంది.

చుట్టూ ఎవరూ లేరు. తనకు తెలియకుండానే రూప నవ్వింది. తప్పు దొరికితే దిద్దడం ఎంతసేపు? ఇంటికి పోయి కడుపునిండా తిని, హాయిగా పడుకుంది.

ఉదయం గీతాంజలి రాగానే రూప ఆమె ముందు ఒక అద్దం పెట్టింది. ఆ పిల్ల వెంటనే తల దించుకుంది. రూప ఇంకో అద్దం తెచ్చి తన ముందు పెట్టుకుంది. కాగితం తీసుకుని తన కన్ను తనే గీసుకోవడం మొదలుపెట్టింది. రెప్ప కింద ఉబ్బును, నిద్ర చాలని ఎర్రజీరను, కనుబొమ్మలో తెల్లబడ్డ ఒక్క వెంట్రుకను కూడా వదలలేదు. గీతాంజలి ఓరగా చూసింది. తెల్ల వెంట్రుక వచ్చిందక్కా అంది. వచ్చింది మరి, నేను దాచిపెట్టిన, నువ్వెట్ల చూసినవ్ అంది రూప. ఆ పిల్ల నవ్వింది. నవ్వుతూనే తన అద్దం దగ్గరికి లాక్కుంది.

"నేను రంగు కలుపుత," అంది రూప. "కానీ నాకు నీ కన్ను సరిగ కనవడ్తలేదు. నీకైతే దగ్గర. చూసి నాకు చెప్పు. తేనె, పసుపు గివి వద్దు. ఉన్నదేందో చెప్పు."

గీతాంజలి అద్దంలోకి ముక్కు తగిలేంతగా వంగింది. ముందు గదిలో కృపాకర్ ఎవరితోనో మాట్లాడుతున్నాడు. కింద సిటీ బస్సు కండక్టరు కోఠీ, కోఠీ అని అరుస్తున్నాడు. ఆ పిల్ల అద్దాన్ని వెలుతురు వైపు తిప్పుకుని చూసుకుంటూనే ఉంది. రూప తొందరపెట్టలేదు.

"నడుమల ఉన్నది గదా అక్కా, నల్లదాని చుట్టూత," అంది చివరికి. "అవ్వ నెయ్యి కాశినంక గిన్నె అడుగున మడ్డి ఉంటది సూడు. మాడకముందటి మడ్డి. గా రంగు."

రూప పసుపు సీసా మూత పెట్టేసింది. మట్టిరంగులో ఎరుపు చుక్క కలిపి, గాజుపలక మీద పలచగా పూసి చూపించింది. ఇంకా మాడింది అంది గీతాంజలి. ఇంకొంచెం పలచన చేస్తే, ఆ, గిదే అంది. అంచుల్లో ఏముందని అడిగితే, బర్రెలు నీళ్లు తాగే తొట్టి గోడకు పట్టిన పాచి అంది. కడిగినంక మిగిలే పాచి, మొత్తం పచ్చగ కాదు. ఆ రెంటి నడుమా ఎండుగడ్డి పోచలు ఉన్నాయట, కొన్ని పొడుగు, కొన్ని పొట్టి, ఒకచోట రెండు పోచలు కలిసిపోయాయట. రూప వంగి చూసింది. ఎడమ కంటిలో కింది వైపు నిజంగానే రెండు గీతలు కలిసి ఒకటై ఉన్నాయి. నాలుగు రోజులు ఆ కంటికి జానెడు దూరంలో కూర్చుని తను దాన్ని చూడలేదు.

కలపడం వేరు, వేయడం వేరు. రంగులన్నీ ఒకేసారి పెడితే బురదవుతుందని రూపకు పదేళ్ల వయసులోనే తెలుసు. తడి మీద తడి పెట్టినందుకు సోమయ్య సారు ఆమె కాగితాలు ఎన్ని పక్కన పడేశాడో. ముందు పాచి రంగును పొగలా పలచగా వేసి ఆరనిచ్చింది. దాని మీద అద్దంలాంటి ద్రవం ఒక పొర పోసి, అదీ ఆరాక ఎండుగడ్డి పోచలు గీసింది. మళ్లీ పొర. ఆ పైన నెయ్యిమడ్డి. ఒకదాని కింద ఒకటి కనబడేలా, నీళ్లలో అడుగు కనబడినట్టు.

మిగిలింది నడిమి నల్లగుడ్డు. ఎండలోకి పోతే అసలు కంటిలో అది ముడుచుకుంటుంది, గదిలోకి వస్తే విచ్చుకుంటుంది. ప్లాస్టిక్‌కు ఆ గుణం లేదు. రూప కుంచె పక్కన పెట్టి గీతాంజలిని కిటికీ దగ్గరికి, గది మూలకు, మళ్లీ కిటికీ దగ్గరికి నడిపించి చూసింది. పిల్లకు అది ఆటలా ఉంది. నాలుగోసారో ఐదోసారో తిరిగొస్తుండగా రూపకు తోచింది. నల్లగుడ్డును ఎండలో ఉన్నంత చిన్నదిగానే వేసి, దాని చుట్టూ మడ్డిరంగును ఉంగరంలా కాస్త ముదురు చేస్తే? ఎండలో ఆ ఉంగరం రంగుగా కనిపిస్తుంది. నీడలో నలుపులో కలిసిపోయి, గుడ్డు పెద్దదైనట్టు ఉంటుంది. ఈ ఉపాయం ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇంతవరకూ ఎక్కడా చూడలేదు. చిన్నప్పుడు బీరువాలో తాళం పడ్డ నలుపు కోసం నీలాన్నీ మట్టిరంగునూ తిప్పి తిప్పి కలిపిన చెయ్యి, ఇప్పుడు ఎంత ముదిరితే నలుపవుతుందో, ఎంత ఆపితే రంగుగా మిగులుతుందో దానంతటదే తూచుకుంది.

మధ్యాహ్నం కుక్కర్ దించి, అచ్చు విప్పి, మెరుగు పెట్టాక కృపాకర్ కూడా లోపలికి వచ్చాడు. ఈసారి ట్యూబులైటు కింద ఎవరూ చూడలేదు. అందరూ డాబా మీదికి నడిచారు. ఎండ నడినెత్తిన ఉంది. కొమురమ్మ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని మనవరాలిని చూసింది. తర్వాత మెట్ల మలుపులోని నీడకు లాక్కెళ్లి చూసింది. మళ్లీ ఎండలోకి తెచ్చింది. ఎవరినీ నమ్మని మనిషిలా అట్లా అటూ ఇటూ తిప్పి తిప్పి, చివరికి పిట్టగోడ మీద చతికిలబడింది. ఈసారి మెటికలు విరవలేదు, దీవించలేదు. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది, అంతే.

కొత్త కన్ను పూర్తిగా తిరగదని, పక్కకు చూడాలంటే కన్ను తిప్పకుండా తలే తిప్పాలని రూప గీతాంజలికి నేర్పింది. నువ్వు దేన్ని చూసినా ముఖమంతా పెట్టి చూడాలి అంది. గీతాంజలి ముఖమంతా పెట్టి కృపాకర్ వైపు చూసింది. అతను దగ్గరికి వంగి, ఆ కన్నునూ ఈ కన్నునూ చూసి, ఆ ఉంగరమేందో నాకు రేపు చూపెట్టు రూపా, ఇట్లాంటి కళ్లవాళ్లు ఎవరొచ్చినా ఇట్లనే చేద్దాం అన్నాడు. అతను ఒకరి పనిని మెచ్చుకునేది ఆ మాత్రమే.

కిందికి దిగుతుంటే గీతాంజలి రూప చెయ్యి పట్టుకుంది. రేపు బడికి నువ్వు కూడ రావాలె అక్కా అంది.

టీచరు పేరు మహేశ్వరి. రూప కంటే చిన్నదే. మర్నాడు బడిలో గీతాంజలిని చూసి లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. కాసేపు పిల్ల మొహంలోకే చూసి, పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంది. పిల్ల తరగతిలోకి వెళ్లాక, ఫోటో సంగతి ఆమే ఎత్తింది. మిగతా పిల్లలు నవ్వుతారని, ఆ నవ్వు ఫోటోలో ఉండిపోతుందని భయపడి పక్కకు తిప్పానంది. నా చెల్లెలి పిల్ల అయినా అట్లాగే చేసేదాన్ని అంది. ఆమె దాచుకోకుండా చెబుతోందని రూపకు అర్థమైంది.

"మీరు మంచికే చేసిన్రు మేడం," అంది. "కాకుంటె మీరు పక్కకు తిప్పిన్రు గదా, అది చూడగూడనిది అని పిల్లలకు తెల్సిపోయింది. ఆ పిల్లకు గూడ తెల్సిపోయింది."

మహేశ్వరి తరగతి తలుపు వైపు చూసింది. వరండాలో ఎవరో ఎక్కాలు చదువుతున్నారు. రూప మూల గది వైపు చూసి, డ్రాయింగు ఎవరు చెబుతున్నారని అడిగింది. సోమయ్య సారు రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదట. గది నిండా విరిగిన బెంచీలున్నాయట. టైంటేబులులో శనివారం డ్రాయింగు పీరియడు ఇప్పటికీ ఉంది గాని, అందులో లెక్కలు చెప్పేస్తున్నారట.

ఆ పీరియడు నాకివ్వండి అని రూప అడిగింది. అడిగేదాకా ఆమెకు అట్లా అడుగుతానని తెలియదు. అడిగాక మాత్రం ఎన్నాళ్లుగానో అనుకుంటున్నట్టే ఉంది. మహేశ్వరి హెడ్‌మాస్టరు గదిలోకి వెళ్లి వచ్చింది. జీతం ఏమీ ఉండదని, నెల రోజులు చూద్దామన్నారని చెప్పింది. లెక్కల పీరియడు సంగతి నేను సర్దుకుంటాలెండి అని తనే అంది.

శనివారం కృపాకర్‌ను అడిగి మధ్యాహ్నమే బయల్దేరింది రూప. మహేశ్వరి, పెద్ద తరగతి పిల్లలు కలిసి మూల గదిలోని బెంచీలు వరండాలోకి చేర్చి, కిటికీ చెక్కలు పీకించి ఉంచారు. గది నిండా వెలుతురు. నాలుగో తరగతి పిల్లలు కాగితాలు అందుకుని, ఏం గీయాలి, జెండానా, ఇల్లా, కొండల మధ్య సూర్యుడా అని ఒకటే లొల్లి. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చోండి, మీ ఎదురుగా ఉన్నవాళ్ల కళ్లు గీయండి అంది రూప. పెన్సిలు ముట్టుకునే ముందు బాగా చూడాలి, నేను చెప్పేదాకా చూడటమే పని అంది.

ఒక మూలన మొదలైన కిసకిసలు గదంతా పాకాయి. ఎవరూ ఎవరినీ అంతసేపు చూసి ఉండలేదు. సిగ్గుపడి చేతుల్లో మొహం దాచుకుంటున్నారు. జంటలుగా విడిపోయేటప్పటికి గీతాంజలికి ఎదురుగా మిగిలింది బబ్లూ. మహేశ్వరి వాణ్ణి మార్చబోతే రూప వద్దని సైగ చేసింది. చేసిందే గాని, చేతిలో ఉన్న సుద్దముక్క విరిగేదాకా నొక్కుతూ నిలబడింది.

బబ్లూ మొదట అటూ ఇటూ దిక్కులు చూశాడు. తర్వాత కాళ్ల వైపు. ఆ తర్వాత తప్పదన్నట్టు తలెత్తి చూశాడు. నోరు కొంచెం తెరిచి, ఒక కంటి నుంచి ఇంకో కంటికి, మళ్లీ మొదటిదానికి.

"అసలుది ఏది?" అని మెల్లగా అడిగాడు.

"చూసి నువ్వే చెప్పు," అంది గీతాంజలి.

వాడు చూశాడు. మోకాళ్ల మీద ముందుకు జరిగి మరీ చూశాడు. వాడి మొహంలో ముందున్న కొంటెతనం పోయి, లెక్క చేసేటప్పుడు వచ్చే ఏకాగ్రత వచ్చింది. గది మెల్లగా సద్దుమణిగింది. రూప గీయమంది. పెన్సిళ్లు కాగితాల మీద గీసుకునే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. బబ్లూ ఏది అసలుదో చెప్పలేదు. అడిగిన సంగతే మర్చిపోయినట్టున్నాడు. రెప్ప గీత గీశాడు, తుడిచాడు, మళ్లీ గీశాడు.

రూప వెనక వరస వైపు నడిచింది. అక్కడొక పిల్ల కనుగుడ్డును పూర్తి గుండ్రంగా గీసి, తన ఎదుటివాడిది అట్లా లేదేమిటని తగువు పడుతోంది. రెప్ప ఎంత కప్పిందో చూడమని రూప వంగి చెబుతుండగా, ముందు నుంచి బబ్లూ గొంతు వినబడింది. కిటికీ బయట పావురాలు ఏవో లేచినట్టున్నాయి, గీతాంజలి అటు తిరిగింది.

"గీతా, పక్కకు తిరగకు. నాకు కనవడ్తలేదు."

గీతాంజలి తల ఇటు తిప్పింది. జుట్టు రెండు చెవుల వెనక్కీ దోపుకుని, గడ్డం కింద పిడికిలి ఆనించి, ముఖమంతా వాడి ముందు పెట్టి నిటారుగా కూర్చుంది.

"జల్ది గియ్యి," అంది. "తర్వాత నీవి నేను గియ్యాలె."